పై అంకె మాత్రమే ఎక్కువ: ఇది ఏ రకం బీపీ?

మధురవాడ వాసి:
నాన్నగారికి 64 ఏళ్లు. క్లినిక్‌లో బీపీ 168/78. ఇంట్లో మిషన్‌తో చూస్తే ఓసారి 152, ఓసారి 138. కింది అంకె మాత్రం 80 దాటదు. ఆమ్లోడిపిన్ 5 వాడుతుంటే చీలమండలు వాచాయి, ఇప్పుడు టెల్మిసార్టన్ 40 కూడా రాశారు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ తరచూ వేసుకుంటారు. బీపీలో రకాలుంటాయంటున్నారు, ఇది ఏ రకమండీ? కాళ్ల వాపుకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) అడగమంటారా?

పెదవాల్తేరు ఫిజీషియన్:
పై అంకె 140, ఆపైన ఉండి కింది అంకె 90 లోపుంటే దాన్ని ఐసోలేటెడ్ సిస్టోలిక్ అంటారు. వయసుతో పెద్ద రక్తనాళాలు బిరుసెక్కి, గుండె కొట్టినప్పుడు సాగవు. అందుకే పైది పెరుగుతుంది, కిందిది తగ్గుతుంది. కింది అంకె బాగుందని వదిలేయకండి, ఈ వయసులో పక్షవాతం ముప్పు ఎక్కువగా పై అంకెతోనే.

అయితే ముందు అంకె నిజమో కాదో తేలాలి. ఎండలో ఆటో దిగి మెట్లెక్కగానే చూసినా, బీచ్ రోడ్డులో వాకింగ్ నుంచి రాగానే చూసినా అది లెక్కలోకి రాదు. మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగి అరగంట దాటాక, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్లమీద, చేతికి కట్టే మిషన్ పట్టీ గుండె ఎత్తులో. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున మాత్రలకు ముందు, మళ్లీ సాయంత్రం, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంటి సగటు 135/85 లోపుండి క్లినిక్‌లోనే పెరిగితే వైట్ కోట్ బీపీ. తిరగబడితే, అంటే క్లినిక్‌లో బాగుండి ఇంట్లో ఎక్కువుంటే, మాస్క్‌డ్ బీపీ. అది ఎవరికీ కనపడదు గనక ఇంకా చెడ్డది. నాన్నగారు ఇప్పటికే మందు మీద ఉన్నారు గనక, ఈ సగటు ఆ మోతాదు చాలుతోందో లేదో చెప్తుంది.

ఓ రోజు లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకు కూడా చూడండి. పై అంకె 20 పడిపోతుంటే మందు పెంచే ముందు డాక్టరుకు చెప్పాలి, లేకపోతే బాత్‌రూమ్‌లో పడిపోతారు.

గాజువాక ఫార్మసిస్టు:
నాకు ఎక్కువ భయం డైక్లోఫెనాక్ గురించండి. ఆ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీని పెంచుతాయి, టెల్మిసార్టన్ పనిని తగ్గిస్తాయి. దానికి నీళ్ల మాత్ర కూడా కలిస్తే మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. మన ఊళ్లో మే నెల చెమటకి ఒంట్లో నీరు తగ్గితే మరీను. నొప్పికి ఏం వాడాలో డాక్టరునే అడగండి, పారాసిటమాల్, పూత మందులు ఉన్నాయి.

ఆ వాపుకి నీళ్ల మాత్ర అడగొద్దు. ఆమ్లోడిపిన్ సన్నని ధమనుల్ని వదులు చేస్తుంది, సిరల్ని అంతగా చేయదు. అందువల్ల నీరు కాళ్లలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై కాదు. టెల్మిసార్టన్ సిరల్ని కూడా కాస్త వదులు చేస్తుంది గనక వాపు తగ్గొచ్చు. మీ డాక్టరు ఈ జోడీ రాయడం సరైన పనే. వాపు ఒక కాలికే ఉంటే, ఆయాసం కూడా ఉంటే అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

టెల్మిసార్టన్ మొదలుపెట్టిన 1–2 వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్త పరీక్ష చేయించండి. ‘లో సోడియం’ ఉప్పు కొనకండి. అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, ఈ మాత్రతో రక్తంలో పొటాషియం పెరిగిపోవచ్చు. మామూలు ఉప్పే తగ్గించాలి, అన్నీ కలిపి రోజుకు 5 గ్రాముల లోపు, ఒక చిన్న చెంచా. ఎండు చేపల కూర, ఆవకాయ రెండూ ఒకే పూట పడితే ఆ చెంచా అక్కడే అయిపోతుంది.

మధురవాడ వాసి:
చాలా థాంక్సండీ. రెండు మాత్రలతోనూ తగ్గకపోతే?

పెదవాల్తేరు ఫిజీషియన్:
అప్పుడు మూడోదిగా క్లోర్తాలిడోన్ లాంటి నీళ్ల మాత్ర కలుపుతాం, రక్తంలో సోడియం చూసుకుంటూ. నీళ్ల మాత్రతో సహా మూడూ సరైన మోతాదులో, తప్పకుండా వేసుకున్నా దిగకపోతే రెసిస్టెంట్ బీపీ. వెనక కారణం కోసం అప్పుడు గట్టిగా వెతకాలి: కిడ్నీ జబ్బు, కిడ్నీ ధమని ఇరుకవడం, ఒంట్లో ఉప్పు నిలబెట్టే ఆల్డోస్టెరోన్ హార్మోన్ ఎక్కువవడం, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం. నాన్నగారు గురక పెడతారా?

180/120 దాటి, ఛాతీ నొప్పో, మూతి వంకరో, మాట తడబాటో, ఆయాసమో ఉంటే ఇంట్లో మాత్ర వేసి చూస్తూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.