రక్తపిశాచి కాటుకు గేమ్‌లో ఎలాంటి విరుగుడు పెట్టాలి?

గుంటూరు బ్రాడీపేటలో నాతో కలిపి ఐదుగురం ప్రతి ఆదివారం సాయంత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా, పాచికలు వేస్తూ ఆడే కథల గేమ్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. నేను డీఎంని, అంటే కథ నడిపేవాణ్ని. పాత్రలన్నీ ఐదో లెవెల్.

రూల్ ప్రకారం వాంపైర్ స్పాన్ (చిన్న స్థాయి రక్తపిశాచి) కరిస్తే గరిష్ఠ హెచ్‌పీ (ప్రాణశక్తి పాయింట్లు) తగ్గుతుంది, లాంగ్ రెస్ట్‌తో, అంటే పాత్ర రాత్రంతా విశ్రాంతి తీసుకుంటే, తిరిగొస్తుంది. బతికున్నవాళ్లకు సోకడమంటూ లేదు. భయం నిలవాలని నేనే ఒక రూల్ పెట్టాను: కాటు తిన్న పాత్రకు రోజూ తెల్లవారుజామున కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి దృఢత్వంతో తట్టుకునే పాచిక పరీక్ష), డీసీ 13, అంటే మొత్తం కనీసం 13 రావాలి. మూడుసార్లు ఓడితే రక్తపిశాచే.

మొదట దాన్ని జబ్బన్నాను. రోగ్‌కి (దొంగ పాత్ర) సోకితే క్లెరిక్ (పూజారి పాత్ర) జబ్బులు తగ్గించే లెసర్ రెస్టొరేషన్ స్పెల్‌తో ఒక్క టర్న్‌లో నయం చేసేసింది. శాపం అందామంటే, శాపాలు తీసే రిమూవ్ కర్స్ స్పెల్ కూడా తన దగ్గరుంది. చివరికి ఇంకా పై స్థాయి స్పెల్ గ్రేటర్ రెస్టొరేషన్ తప్ప దేనికీ తగ్గదన్నాను. అది తొమ్మిదో లెవెల్ దాకా రాదు. పోయిన వారం ఫైటర్ ఆడే కుర్రాడు రెండో సేవ్ కూడా ఓడిపోయి, పెన్సిల్ తన పాత్ర వివరాల షీట్ మీద పెట్టేసి, "ఇంకేం చేసినా లాభం లేదుగా అన్నా" అన్నాడు. ఆ పాత్రంటే వాడికి ప్రాణం. అప్పట్నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది.

ఇంకొక్క సేవ్ మిగిలింది. ఐదో లెవెల్ వాళ్లు కష్టపడితే దొరికేది, ఒక్క స్పెల్‌తో తేలిపోనిది, అలాంటి విరుగుడు మీ గేముల్లో ఏం పెట్టారు?