బంగాబ్దం (బెంగాలీ శకం) తేదీని ఇంగ్లీషు తేదీగా కచ్చితంగా మార్చడం ఎలా?

రవీంద్రనాథ్ ఠాగూర్ అన్న సత్యేంద్రనాథ్ కూతురు ఇందిరాదేవి చౌధురాణి (1873-1960) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. చిక్కంతా తేదీలతోనే, ఎందుకంటే నా దగ్గరున్న పాత బెంగాలీ పత్రికల స్కాన్లలో అన్నీ బంగాబ్దంలోనే ఉన్నాయి.

బంగాబ్ద సంవత్సరానికి 593 కలిపి చూశాను. ఏప్రిల్ మధ్య నుంచి డిసెంబర్ దాకా సరిపోతుంది, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా 594 కలపాలి, అది అర్థమైంది. రోజు దగ్గరే తేడా వస్తోంది. ఆన్‌లైన్ కన్వర్టర్‌ని పరీక్షిద్దామని రవీంద్రుడి పుట్టినరోజు, వైశాఖం 25, 1268 ఇస్తే 1861 మే 8 అంది, రావాల్సింది మే 7. ఆయన పోయిన శ్రావణం 22, 1348కి 1941 ఆగస్టు 6 చూపించింది, అసలు తేదీ ఆగస్టు 7. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి, కాబట్టి ఒకరోజు సవరించుకుంటే సరిపోదు. అది బంగ్లాదేశ్ సవరించుకున్న కొత్త క్యాలెండర్ లెక్క అని తర్వాత తెలిసింది. మన పంచాంగంతో కూడా పోల్చాను (తెలివితక్కువ పనే, మనది చాంద్రమానం, వాళ్లది సౌరమానం, ఆ ఫాల్గుణం మన ఫాల్గుణం ఒకటి కావు).

నాకు కావలసినవి 1280 నుంచి 1310 మధ్య తేదీలు, ఓ పాతిక ఉంటాయి. ఆ కాలపు బెంగాలీ పంజికల (పంచాంగాల) ప్రకారమే లెక్క కట్టే కన్వర్టర్ గానీ, నెల మొదటి రోజుల పట్టిక గానీ ఎక్కడ దొరుకుతుంది?