కాల్గరీ నుంచి ఐస్‌ఫీల్డ్: ఒక్క రోజు టూరు పెద్దవాళ్లకు కుదురుతదా?

ప్రశ్న (హన్మకొండ)
అమ్మానాన్నలు జూన్‌ల కెనడాల ఉన్న కాల్గరీకి, తమ్ముని దగ్గరికి పోతున్నరు. బాన్ఫ్ ఊరి మీదుగా కొలంబియా ఐస్‌ఫీల్డ్ (కొండల మీది పెద్ద ఐసు మైదానం) దాకా గైడ్ ఉన్న బస్సు టూరు బుక్ చేస్తనంటున్నడు. నాన్నకు బీపీ, అమ్మకు మోకాళ్ల నొప్పి. ఇద్దరూ మాంసం ముట్టరు, అమ్మ చీరే కడ్తది. మంచు మీద ఎంత నడవాలె? ఏం బట్టలు సర్దాలె?

జవాబు 1
ముందు దూరం లెక్కేయండి. టూర్లు చూపించేది ఆ ఐస్‌ఫీల్డ్ నుంచి కిందికి జారే అథబాస్కా గ్లేసియర్ (ఐసు నది). కాల్గరీ నుంచి దానికి సుమారు 310 కిలోమీటర్లు. అంటే పోవుడే హన్మకొండ–హైదరాబాద్‌కు రెండింతలు, మళ్లా అంతే రావాలె. మోకాళ్ల నొప్పికి నడక కంటే ఆ కూర్చునుడే ఎక్కువ బాధ. ముందు రోజు రాత్రి బాన్ఫ్‌లో ఉండి, అక్కడ ఎక్కే టూరు తీసుకుంటే పోనురాను 250 కిలోమీటర్ల దాకా తగ్గుతది.

బుక్ చేసేముందు ఒక్కటి గట్టిగా అడగాలె: మంచు మీదికి తీసుకపోయే ఐస్ ఎక్స్‌ప్లోరర్ టికెట్ కలిపేనా? కొన్ని టూర్లు రోడ్డు మీంచి చూపించి తిప్పుకొస్తయి. లేక్ లూయీస్ దాటినంక ఫోన్ సిగ్నల్ దాదాపు ఉండదు, కాల్ కలువలేదని ఇంట్ల కంగారు పడొద్దు.

జవాబు 2
మామూలు బస్సు మంచు మీదికి పోదు. టూరిస్టులు దిగే ఐస్‌ఫీల్డ్ సెంటర్ దగ్గర వేరే బస్సెక్కి, పైన ఐస్ ఎక్స్‌ప్లోరర్‌లోకి మారాలె. దానికి ఆరు పెద్ద టైర్లు, గాలి తక్కువ పెడ్తరు. టైరు పరుచుకుంటే బరువు ఒక్కచోట పడదు, పట్టు దొరుకుతది. దిగే దారి 32 శాతం వాలు, ముందు సీట్లో కూర్చున్నోళ్లకు గుండె జారుతది. బండి మాత్రం మెల్లగనే పోతది.

మంచు మీద ఆపేది అర్ధగంట లోపే. అది మెత్తటి మంచు కాదు, గట్టి ఐసు. ఎండకు కరిగి పైన నీళ్లు సన్న కాలువలై పారుతుంటయి, చెప్పులు, నున్నటి అడుగు బూట్లు జారుతయి. అడుగున లోతు గాట్లున్న బూట్లు, ఉన్ని సాక్సులు కావాలె. చేతికర్ర రబ్బరు బిళ్ల తడి ఐసు మీద నిలువదు, దాన్ని నమ్ముకోకుండ మనిషి చెయ్యి పట్టుకోవాలె. గీసిన హద్దు దాటొద్దు. పలుచటి మంచు కప్పిన పగుళ్లుంటయి, అట్ల పడి చనిపోయినోళ్లున్నరు.

కాల్గరీల 25 డిగ్రీలున్నా అక్కడ వణుకుడే. ఐసు మీద చల్లబడ్డ గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతది. మన దగ్గర రోడ్డు పక్కన కొనే ఉన్ని స్వెట్టర్ ఒక్కటే అయితే అల్లిక సందుల్లోంచి గాలి దూరుతది. దాని మీద గాలి, వాన ఆపే జాకెట్ తప్పదు. నల్లద్దాలు మరువొద్దు.

జవాబు 3
పైవన్నీ సరే, చీర సంగతి ఎవరూ చెప్పలే. ఆ గాలికి కుచ్చిళ్లు నిలువవు, అంచు తడుస్తది. ఆ ఒక్కరోజుకు పంజాబీ డ్రెస్, లోపల థర్మల్ ప్యాంటు మేలు. వినకుంటే చీరను మడమ పైకి కట్టి పిన్నులు పెట్టాలె.

ఐస్‌ఫీల్డ్ సెంటర్ ఎత్తు సుమారు 2,000 మీటర్లు, తిరుమలకు రెండింతల పైనే. చాలామందికి ఇబ్బంది ఉండదు, కాని మెట్లు మెల్లగ ఎక్కాలె. బీపీ గోలీలు చేతిసంచిలనే పెట్టాలె. అవి మూత్రం ఎక్కువ చేసేవైతే, ఎప్పుడేసుకోవాల్నో డాక్టర్‌ను ముందే అడగండి. దారిల బాత్రూములు దూరం దూరం.

దారిల పేటో సరస్సు దగ్గర ఆపుతరు. కింది పార్కింగ్ నుంచి చూసే చోటుకు ఎక్కుడుంటది. బస్సులకు పైన వేరే పార్కింగ్ ఉంది, కారులో పోవుడు కంటే టూరు లాభం అక్కడనే. సరస్సు నీలం చూసి రంగు కలిపిన్రా అంటరు. గ్లేసియర్ బండను రుద్దితే వచ్చిన సన్నటి రాతిపిండి నీళ్లల్ల తేలుతది, దానికి వెలుగు తగిలి ఆ రంగొస్తది.

తిండికి పులిహోర, చపాతీలు, సకినాలు చాలు. మిగిలింది బయట పెట్టొద్దు, ఎలుగుబంట్లొస్తయి. ఎలుగు కనపడితే 100 మీటర్లు, జింకకైతే 30 మీటర్లు దూరం ఉండాలని అక్కడి నేషనల్ పార్కు రూలు.

అడిగినవారు
బాన్ఫ్‌లో రాత్రి ఉండుడు ఖాయం చేసినం. బూట్లు ఇక్కడనే కొని నెలరోజులు తొడిగిస్త. పంజాబీ డ్రెస్‌కు అమ్మ ఇంకా ఒప్పుకోలే.