20 లీటర్ల ప్లాస్టిక్ బీర్ కెగ్: మన ఎండలకి నిలుస్తుందా, స్టీలే దిక్కా?

డబ్బాల_డిజైనర్:
మాది హైదరాబాద్‌లో చిన్న బ్లో మౌల్డింగ్ యూనిట్, అంటే మెత్తబడ్డ ప్లాస్టిక్‌లోకి గాలి ఊది డబ్బాలు చేస్తాం. పన్నెండేళ్లుగా వాటర్ క్యాన్లు, నూనె జార్లు ఊదుతున్నాం. మొన్న ఒక పార్టీ వచ్చి బీరుకి 20 లీటర్ల పెట్ (కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్) కెగ్, అంటే బీరు పీపా, చేసిస్తారా అని అడిగాడు. ఒకసారి వాడి తీసేసేది. పైన వాల్వ్, లోపల గొట్టం, ట్యాప్‌కి తగిలిస్తే బీరు రావాలి. సరేనని తలూపాను కానీ లెక్క వేసుకున్నప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు.

వాటర్ క్యాన్ లోపల ప్రెషర్ ఉండదు. బీరు అలా కాదు. మామూలు బీరులో లీటరుకి సుమారు రెండున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ కరిగి ఉంటుంది. 4 డిగ్రీల దగ్గర అది గోడల మీద 12 పీఎస్ఐ (టైర్లలో గాలి కొలిచే ప్రెషర్ కొలతే) తోస్తుంది. అదే బీరు 30 డిగ్రీలకి వేడెక్కితే 38. 40 డిగ్రీలకి 50. మే నెలలో మూసేసిన వ్యాన్‌లో 50 డిగ్రీలు దాటిందా, 60 పైమాటే. డబ్బా మారలేదు, బీరు మారలేదు, ఎండ ఒక్కటే మారింది.

నేననుకున్న డబ్బాకి రేడియస్ 12 సెంటీమీటర్లు, గోడ మందం 0.8 మిల్లీమీటర్లు. 30 డిగ్రీల దగ్గరే గోడలో 40 మెగాపాస్కల్స్ లాగుడు, అంటే గోడలో చదరపు మిల్లీమీటరుకి నాలుగు కిలోలు వేలాడినంత, ఉంటుంది. వెంటనే పగలదు. కానీ పెట్ అంత లాగుడు మీద వారాల తరబడి ఉంటే మెల్లగా సాగుతూ పోతుంది.

ఇంతకీ ఇది ప్లాస్టిక్‌తో చేయదగ్గ పనేనా? చేసినవాళ్లు, వాడినవాళ్లు చెప్పండి.

స్టీల్_సాంబ:
వద్దు. స్టీల్ కెగ్ ఇరవై ఏళ్లు సులువుగా పనిచేస్తుంది. మెట్ల మీంచి దొర్లించినా సొట్ట పడుతుంది తప్ప పగలదు. 80 డిగ్రీల కాస్టిక్ సోడా నీళ్లతో కడగొచ్చు, ఆవిరి పట్టొచ్చు. పెట్ 70 దాటితే మెత్తబడుతుంది, వేడి కాస్టిక్ తగిలితే దాన్ని తినేస్తుంది. అంటే కడిగి మళ్లీ వాడే మాటే లేదు. పనీపాటా లేనివాళ్ల ఐడియా ఇది.

కోరమంగళ_కాచేవాడు:
సాంబ అన్నా, కడిగేది మీరు కాదు కాబట్టి అలా అంటున్నారు. నేను బెంగళూరులో బ్రూవరీలో (బీరు కాచే చోట) ఎనిమిదేళ్లుగా ఉన్నాను. ఒక్కో స్టీల్ కెగ్‌కి ముందు నీళ్లు, తర్వాత కాస్టిక్, మళ్లీ నీళ్లు, యాసిడ్, ఆవిరి, ఆఖరికి గ్యాస్ పట్టాలి. 2024 మార్చిలో ఇక్కడ నీళ్లకి కటకటలాడినప్పుడు ట్యాంకర్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. బీరు రెడీ, కడిగిన కెగ్ లేదు. కడగక్కర్లేని కెగ్ దొరికితే బాగుండు అని ఆ రోజు ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇక బరువు. 50 లీటర్ల స్టీల్ కెగ్ ఖాళీదే 12, 13 కిలోలు. నిండితే 60 దాటుతుంది. దాన్ని సెల్లార్ మెట్ల మీద ఇద్దరు పట్టుకుని దించాలి. 20 లీటర్ల పెట్ కెగ్ నిండాక పాతిక కిలోల బియ్యం బస్తా కంటే తక్కువే, ఒక్కడు భుజాన వేసుకుని పోతాడు. ఇంకో బాధ, ఖాళీవి వెనక్కి రావు. గోవాకి పంపిన కెగ్‌లలో కొన్ని ఇప్పటికీ ఎక్కడున్నాయో మాకే తెలీదు. తుక్కు రేటు పెరిగినప్పుడల్లా ఇంకో నాలుగు మాయం.

స్టీల్_సాంబ:
మరి హైదరాబాద్ మైక్రో బ్రూవరీలకి (బీరు అక్కడే కాచి పోసే చిన్న పబ్బులకి) కెగ్ ఎందుకు? 2015 రూల్స్ ప్రకారం అక్కడ కాచింది అక్కడే తాగాలి. ట్యాంక్ నుంచి తిన్నగా ట్యాప్‌కే. కెగ్ అడిగిన పార్టీ ఎవరికి అమ్ముతాడో ముందు కనుక్కోండి డిజైనర్ గారూ.

డబ్బాల_డిజైనర్:
అడిగాను. బయటి రాష్ట్రంలో పెద్ద బ్రూవరీ ఉందట, అక్కడి నుంచి బార్లకి, పెళ్లిళ్ల ఈవెంట్లకి. ఈవెంట్ అంటే ఏసీ స్టోర్ ఉండదు, షామియానా కింద ఐస్ డబ్బాలో కాయిల్ (లోహపు గొట్టం చుట్ట) పెట్టి దాని గుండా బీరు పంపుతారు. చల్లబడేది కాయిల్‌లోనే. కెగ్ మాత్రం బయట వేడిగానే ఉంటుంది. నా టెన్షన్ అంతా అదే.

బోస్టన్_బావ:
నేనుండేది మసాచుసెట్స్‌లో. ఇక్కడికి గంట ప్రయాణంలో న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ ఉంది. 2012 ఏప్రిల్‌లో అక్కడి బ్రూవరీలో ప్లాస్టిక్ కెగ్ పేలి ఒక కుర్రాడు చనిపోయాడు. ఇంట్లో బీరు చేసుకునే మా గుంపులో ఇప్పటికీ దాని గురించి మాట్లాడుకుంటాం. కెగ్‌లో బీరు లేదు, ఖాళీది కడుగుతున్నారు. కడిగే లైన్‌లోంచి కంప్రెస్డ్ గాలి పంపారు. కెగ్ తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దు 60 పీఎస్ఐ. గాలిని ఆ హద్దులో ఆపే రెగ్యులేటర్ ఆ లైన్‌కి లేదని ప్రభుత్వ భద్రతా విభాగం తేల్చింది.

ఇది చదివాక నేను ప్లాస్టిక్ వాడటం మానలేదు. కానీ మా గరాజ్‌లో కంప్రెసర్‌కీ కెగ్‌కీ మధ్య రెగ్యులేటర్ లేకుండా ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోను.

కోరమంగళ_కాచేవాడు:
అది కెగ్ తప్పు కాదు కదా బావా. లైన్ తప్పు.

స్టీల్_సాంబ:
అదే కదా నేననేది! మన దగ్గర బార్‌లో రెగ్యులేటర్ పాడైతే ఏం చేస్తారు? కొత్తది వచ్చేదాకా ఆగుతారా, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ తెచ్చి తగిలిస్తారా? చెప్పండి. స్టీల్ కెగ్ ఆ తప్పుని చాలావరకు కాస్తుంది. ప్లాస్టిక్ కాయదు. డిజైన్ అంటే మంచివాడి చేతిలో ఎలా పనిచేస్తుందో కాదు, తెలియనివాడి చేతిలో ఏమవుతుందో చూడాలి.

డబ్బాల_డిజైనర్:
ఈ మాటకి మాత్రం చెయ్యెత్తి దండం. గోళీ సోడా బండి దగ్గర మా నాన్న నన్ను ఎప్పుడూ దూరంగా నిలబెట్టేవాడు. అంత మందం గాజు కూడా మెషిన్‌లో తిప్పేటప్పుడు పగిలేది, అందుకే సీసాని ఇనప చట్రంలో పెట్టి తిప్పేవాళ్లు.

అంటే రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకుని గ్యాస్ వదిలేసేది) కప్లర్‌లోనో (కెగ్ మూతికి గొట్టాలు తగిలించే బిగింపు), రెగ్యులేటర్‌లోనో ఉంటే చాలదు. కెగ్ మూతిలోనే ఉండాలి, వాడేవాడు తీయలేని చోట. కానీ ఎంత దగ్గర తెరుచుకోవాలి? 40 డిగ్రీల్లో బీరే సొంతంగా 50 పీఎస్ఐ తోస్తుంటే, వాల్వ్ 45కి తెరుచుకుంటే గోడౌన్‌లో కెగ్‌లన్నీ ఈలలు వేస్తాయి. 70కి పెడితే గోడ దానికి మూడింతలైనా తట్టుకోవాలి. గోడ మందం పెంచితే ప్లాస్టిక్ ఖర్చు, బరువు, ఊదే టైమ్ అన్నీ పెరుగుతాయి.

పాలిమర్_పిన్ని:
గోడ మందం గురించే మాట్లాడుతున్నారు, గోడలోంచి పోయే గాలి గురించి ఎవరూ అనట్లేదేం? ప్యాకేజింగ్ ల్యాబ్‌లో రిటైర్ అయ్యాను, ఈ విషయంలో కాస్త చాదస్తం ఎక్కువ, భరించండి.

పెట్‌లోంచి గ్యాస్ బయటికి పోతుంది, ఆక్సిజన్ లోపలికి వస్తుంది. స్టీల్ గోడలోంచి ఏదీ పోదు. బీరుకి ఆక్సిజన్ పడదు. వారాలు గడిస్తే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అయితే ఒక ఊరట ఉంది. డబ్బా పెద్దదయ్యే కొద్దీ లీటరు బీరుకి తగిలే గోడ తగ్గుతుంది. అదే ఆకారంలో అరలీటరు సీసాతో పోలిస్తే 20 లీటర్ల కెగ్‌లో లీటరుకి గోడ దాదాపు మూడున్నర రెట్లు తక్కువ. పైగా గోడ మందం ఎక్కువ. అందుకే పెట్ సీసాలో ఓడిన బీరు పెట్ కెగ్‌లో నిలవొచ్చు. కానీ వేడి పెరిగితే ఆక్సిజన్ రావడం కూడా పెరుగుతుంది. మళ్లీ అదే ఎండ.

దీనికి మందు, మధ్యలో నైలాన్ పొర వేయడం, లేదా ఆక్సిజన్‌ని పీల్చుకునే పదార్థం కలపడం, లేదా లోపల సన్నటి సిలికా పూత. నైలాన్ పొర వేస్తే రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. ఆ తలనొప్పి ఇంకొకరికి బదిలీ అవుతుందంతే.

ఇంకో మాట. సీసాలకి ఉండే పువ్వు రేకుల అడుగు పెడుతున్నారా డిజైనర్ బాబూ? బార్‌లో గచ్చు కడిగే సోడా నీళ్లలో (తాగే సోడా కాదు, బట్టల సోడా లాంటి క్షారం) ఆ అడుగు నిలబడి ఉంటుంది. లోపల ప్రెషర్, బయట క్షారం. పెట్ మొదట చిట్లేది సరిగ్గా అక్కడే.

కోరమంగళ_కాచేవాడు:
పిన్ని గారూ, ఆ సోడా నీళ్ల సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు. మా వాకిన్ కూలర్‌లో (మనిషి లోపలికి వెళ్లేంత చల్లగది) ఇంపోర్టెడ్ పెట్ కెగ్‌లు నాలుగు రోజులుగా తడి నేల మీదే ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి చెక్క పలకల మీదకి ఎక్కించి వచ్చాను.

పాతసామాన్లు_కొంటాం:
పేరు చూసి నవ్వకండి, మా ఇంట్లో రెండు తరాలుగా ఇదే వ్యాపారం. స్టీల్ కెగ్ వస్తే ఎవరిదో దొంగ సరుకేమో అని భయం. పెట్ కెగ్ వస్తే ఇంకో రకం భయం. పోయిన ఏడాది ఒక రెస్టారెంట్ నుంచి మూడు వచ్చాయి. ఖాళీవే అన్నారు. మా కుర్రాడు నలగ్గొట్టే ముందు స్క్రూడ్రైవర్‌తో ఒక పోటు పొడిచాడు. స్క్రూడ్రైవర్ చేతిలోంచి ఎగిరి రేకుల షెడ్డుకి తగిలింది. కెగ్ అర నిమిషం ఈల వేసింది. బీరు అయిపోయినా గ్యాస్ లోపలే ఉంది మరి. దాన్ని మిషన్‌లో పెట్టి నొక్కి ఉంటే ఏమయ్యేదో.

ఇంకోటి, వాటిలో ఒకదాని లోపల వెండి రంగు సంచి ఉంది. పెట్ కిలోకి ఇంత అని కొంటాం, ఆ సంచి కలిస్తే ఎవడూ కొనడు. కోసి తీయడానికి ఒక మనిషి పని. 2022 నుంచి ప్లాస్టిక్ ప్యాకింగ్ అమ్మేవాళ్లదే వెనక్కి తీసుకునే బాధ్యత అన్నారు కదా, మా షెడ్డుకి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.

తాటిచెట్టు_తాత:
కల్లు లొట్టిలో ఉన్నప్పుడు ఈ గొడవలేవీ లేవు. ప్రెషర్ వస్తే నురగై పొంగిపోయేది.

బోస్టన్_బావ:
తాతా 😄 నిజానికి రిలీఫ్ వాల్వ్ లేని రిలీఫ్ అది.

ఆ వెండి సంచి గురించి. అది బంతిలాంటి కెగ్ అయ్యుంటుంది, నెదర్లాండ్స్ వాళ్ల కీకెగ్ అలాంటిదే. బీరు సంచిలో ఉంటుంది, సంచికీ బయటి పెట్ గోడకీ మధ్య గాలి పంపి పిండుతారు. బీరుకి గాలి తగలదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. బంతి ఆకారానికి ఇంకో లాభం, అదే రేడియస్, అదే మందం ఉన్న గొట్టం ఆకారంలో కంటే గోడ మీద లాగుడు సగమే. కార్ల్స్‌బర్గ్ డ్రాఫ్ట్‌మాస్టర్‌ది ఇంకో దారి. 20 లీటర్ల పెట్ కెగ్‌ని గట్టి గదిలో పెట్టి బయటి నుంచి గాలితో నొక్కుతారు. కెగ్ నలిగిపోతూ బీరుని పైకి పంపుతుంది. పోసేటప్పుడు ప్రెషర్ భారం మోసేది ఆ గది, కెగ్ కాదు.

డబ్బాల_డిజైనర్:
ఆ గది పద్ధతి ఈవెంట్లకి కుదరదు, మెషిన్ మోసుకెళ్లాలి. సంచి వేస్తే సామాన్ల అన్నకి తలనొప్పి. ప్రస్తుతానికి ఒకే పొర పెట్, ముదురు గోధుమ రంగు, మూతిలో రిలీఫ్ వాల్వ్, వాడాక గ్యాస్ వదిలేయడానికి మెడ మీద తిప్పే బిళ్ల అనుకుంటున్నా. ఆక్సిజన్ సంగతి పార్టీకి చెప్పేశాను, నింపిన ఆరు వారాల్లో అమ్మేయాలి, ఎండలో పెట్టకూడదు అని. మొదటి నమూనా రేపు ఊదుతున్నాం. గాలి పట్టి పేల్చి చూస్తా.

పాలిమర్_పిన్ని:
గాలి వద్దు బాబూ! నీళ్లు నింపి పంపుతో ప్రెషర్ పెంచు. నీళ్లు నలగవు, డబ్బా పగిలినా చిమ్మి ఊరుకుంటుంది. 20 లీటర్ల గాలిని 60 పీఎస్ఐకి బిగిస్తే అందులో దాగే శక్తి పది కిలోల రాయిని ముప్ఫై అంతస్తుల మీంచి వదిలినంత. పోర్ట్స్‌మత్‌లో ఖాళీ కెగ్ ఎందుకు చంపిందో ఇప్పుడు అర్థమైందా?

డబ్బాల_డిజైనర్:
అర్థమైంది పిన్ని గారూ. నీళ్లతోనే చేస్తా.

డబ్బాల_డిజైనర్:
పన్నెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. నీళ్ల పరీక్షలో ఆరు నమూనాలు పెడితే తక్కువలో తక్కువ 190 పీఎస్ఐకి పగిలింది. 70కి మూడింతలు కాకపోయినా దగ్గరికి వచ్చింది కదా అని సంతోషపడ్డా. తర్వాత బీరంత గ్యాస్ పట్టిన సోడా నీళ్లు ఒకదాంట్లో నింపి, చుట్టూ గోనె సంచులు కప్పి, ఇనప జాలీ లోపల పెట్టి డాబా మీద ఉంచాను. నింపినప్పుడు చుట్టుకొలత 75.4 సెంటీమీటర్లు. మూడో రోజు సాయంత్రానికి 76.3. గోడ సంగతి సరే, అడుగు మధ్యలో బొడ్డు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగింది. నేల మీద పెడితే డబ్బా ఊగుతోంది.

స్టీల్_సాంబ:
నేను మొదటి రోజే చెప్పాను.

పాలిమర్_పిన్ని:
రేకుల అడుగు తీసేసి గుండ్రటి అడుగు పెట్టి, కింద విడిగా ఒక ప్లాస్టిక్ గిన్నె తొడుగు. పెట్ కూల్‌డ్రింక్ సీసాలు కొత్తగా వచ్చినప్పుడు అలాగే ఉండేవి, కింద నల్ల టోపీలాంటిది ఉండేది. గచ్చు మీది సోడా నీళ్లు కూడా అంటవు.

పాతసామాన్లు_కొంటాం:
ఆ గిన్నె జిగురుతో అంటించకండి, నొక్కితే ఊడేలా పెట్టండి. ఊడదీయడానికి మళ్లీ మా కుర్రాడే స్క్రూడ్రైవర్ తీయాలి.

డబ్బాల_డిజైనర్:
మౌల్డ్ అడుగు మార్చడానికి ఇచ్చాను. మూడు వారాలంట. ఆ డబ్బా మాత్రం ఇంకా డాబా మీదే ఉంది, ఇవాళ 76.5.