అప్‌డేట్: అంగ్‌కోర్‌కు ఏ పాస్ కొనాలి?

కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి ఒక రోజు పాస్ చాలా, మూడు రోజులది కావాలా అని ఇంతకుముందు అడిగాను. మూడు రోజులదే తీసుకోండి. ఒక రోజుకు 37 డాలర్లు, మూడింటికి 62. పైగా వరుసగా వెళ్లనక్కర్లేదు, 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. గుడి గేటు దగ్గర టికెట్లు అమ్మరు. పక్కనున్న సియెమ్ రీప్ ఊళ్లోని టికెట్ ఆఫీసులోనో ఆన్‌లైన్‌లోనో ముందే కొనాలి.

అక్కడి ప్రధాన గుడి అంగ్‌కోర్ వాట్‌ది పడమటి ముఖం. సూర్యుడు గోపురాల వెనక నుంచి వస్తాడు కాబట్టి పొద్దున ఫొటోల్లో గుడి నల్లగా పడుతుంది. ఫొటోలో వివరాలు కనపడాలంటే మధ్యాహ్నం దాటాక వెళ్లండి. పడమటి వసారాలో దక్షిణం వైపు కురుక్షేత్రం, ఉత్తరం వైపు లంకా యుద్ధం గోడల మీద చెక్కి ఉన్నాయి. అంపశయ్య మీది భీష్ముణ్ణి మనవాళ్లు గైడ్ లేకుండానే పోల్చుకోగలరు, అక్కడ తొందరపడకండి. క్షీరసాగర మథనం తూర్పు వసారాలో ఉంది.

పై అంతస్తుకు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి, వాటి బదులు కండువా కప్పుకుంటే ఒప్పుకోరు. బౌద్ధ పుణ్యదినాల్లో ఆ అంతస్తు మూసేస్తారు.

967 నాటి బంతేయ్ స్రీ గుడి దూరం, టుక్‌టుక్ (అక్కడి ఆటో) బేరం విడిగా మాట్లాడుకోవాలి. ఊళ్లో చిరిగిన డాలరు నోట్లు తీసుకోరు. చిల్లర అక్కడి కరెన్సీ రియెల్‌లలో ఇస్తారు.