‘మిస్ అవుతున్నా’కి మన మాట: ఒక ఇటాలియన్ పాట పేరు నుంచి

అందరికీ నమస్కారం. ‘ఐ మిస్ యూ’ని తెలుగులో ఏమనాలి అన్న ప్రశ్న మన గుంపులో ఏడాదికి రెండు మూడు సార్లయినా వస్తుంది. ప్రతిసారీ బెంగ, వెలితి, లోటు, గుర్తుకు రావడం దగ్గర ఆగిపోతాం. ఈసారి నాకు ఒక దారి దొరికింది, అదీ ఇటలీ వైపు నుంచి.

అక్కడ ఎదోయార్దో డెర్మె అని ఒక గాయకుడు ఉన్నాడు. తన పాటలు తనే రాసుకుంటాడు. 1989లో రోముకి దక్షిణాన లాటినా అనే ఊళ్లో పుట్టాడు. చిత్తడి నేలల్ని ఎండగట్టి 1932లో కట్టిన ఊరది. ఆయన వేదిక మీద పెట్టుకున్న పేరు ‘కల్కత్తా’. అవును, మన కలకత్తానే. 2012లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ‘ఫోర్సె’, అంటే ‘బహుశా’. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2015 చివర్లో బోంబా దిస్కి అనే చిన్న సంస్థ నుంచి ‘మెయిన్‌స్ట్రీమ్’ వచ్చాక ఇటలీ కుర్రకారంతా ఆయన పాటలే పాడుకున్నారు. 2018లో ‘ఎవర్‌గ్రీన్’ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, దాదాపు రెండు వేల ఏళ్ల నాటి రోమన్ కట్టడమైన వెరోనా అరేనాలో కచేరీ చేశాడు. ఆ తరవాత ఐదేళ్లకు, 2023లో ‘రిలాక్స్’. ఈ మూడు పేర్లూ మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలే, లోపల పాటలు మాత్రం ఇటాలియన్‌లో ఉంటాయి. వాటిలో ఫ్రొసినోనె అనే పక్క ఊరు పేరుతో ఒకటి, హ్యూబ్నర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి పేరుతో ఒకటి, పారాసిటమాల్ పేరుతో ఇంకొకటి ఉన్నాయి. పెద్ద పెద్ద మాటలు వెతుక్కోకుండా ఇంట్లో ఉన్న మాటతోనే ప్రేమ చెప్పడం ఈయనలో నాకు బాగా నచ్చే గుణం.

ఇక అసలు విషయం. ‘మెయిన్‌స్ట్రీమ్’లో ఒక పాట పేరు ‘కోజా మి మాంకి ఆ ఫారె’. ఫోన్ తెర మీద రోమన్ అక్షరాల్లో ఆ మూడో మాట (manchi) అచ్చం మన ‘మంచి’ లాగే కనిపిస్తుంది. నేనూ మొదట అలాగే చదివాను. ఇటాలియన్‌లో దాన్ని ‘మాంకి’ అని పలకాలి. దాని మూల క్రియ ‘మంకారె’, అంటే తక్కువ పడటం, లోటవడం. ‘మి’ అంటే నాకు. చివరి ‘ఇ’ వల్ల కర్త ‘నువ్వు’ అని తెలుస్తుంది, ‘వచ్చావు’లో ‘వు’ చెప్పినట్టే. కలిపితే ‘నాకు నువ్వు తక్కువయ్యావు’. కూరలో ఉప్పు తక్కువైనా అక్కడ ఇదే క్రియ, మనిషి లేకపోయినా ఇదే క్రియ.

ఇంగ్లీషులో ‘నేను’ కర్త, ‘నిన్ను’ కర్మ. ఆ వరస మన నోట్లో ఇమడదు. ‘నిన్ను మిస్ అవుతున్నా’ అనే వాక్యాన్ని ఒకసారి విప్పి చూడండి. ‘అవు’ అకర్మక క్రియ, దానికి ‘నిన్ను’ ఎలా తగిలింది? అందరం అంటున్నాం, నేనూ అంటాను, కానీ అతుకు కనిపిస్తూనే ఉంటుంది. ఆకలైనా, జ్వరమైనా, దిగులైనా తెలుగులో ‘నాకు’ అనే మొదలుపెడతాం. అది మనం చేసే పని కాదు, మనకు జరిగేది. ఇటాలియన్ కూడా ఇక్కడ మన దారినే నడిచింది.

మరి ‘గుర్తొస్తున్నావు’ సరిపోదా? తెలంగాణలో ‘యాదికొస్తున్నవ్’ అంటారు, ఎంత మంచి మాట! వాక్య నిర్మాణం కూడా సరిగ్గా అదే. కాకపోతే అందులో మనిషి వస్తున్నాడు, ఆ మనిషి లేని ఖాళీ అందులో లేదు. ‘బెంగ’లో నా బాధ ఉంది, నువ్వు లేవు. ‘లోటు’ సంతాప సభల్లో అరిగిపోయింది.

నేను చెప్పదలచుకున్న మాట ‘తక్కువ’. సంక్రాంతికి అందరూ ఇంటికి చేరాక అమ్మ ఫోన్ చేసి ‘అందరూ వచ్చార్రా, నువ్వొక్కడివే తక్కువ’ అంటుంది. ఆ ‘ఒక్కడివే’లో ‘వి’ని చూడండి, మాంకిలో ‘ఇ’ చేసే పనే చేస్తోంది. వెనకాల విస్తళ్లు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంటుంది. ఆ వాక్యం విన్నాక ఇంకెవరైనా ‘మిస్ యూ’ అంటే నాకు చప్పగా ఉంటుంది.

ఒక వ్యాఖ్య: బాగుందండీ. కానీ మా ఇంట్లో ‘ఇప్పుడు నువ్వొక్కడివే తక్కువయ్యావు’ అంటే తిట్టు. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మూడోవాడు దూరినప్పుడు అంటారు. ప్రేమగా చెబితే అపార్థం రాదా?

జవాబు: నిజమేనండీ, ఆ వాడుక నేను మర్చిపోయాను, గుర్తు చేసినందుకు ధన్యవాదాలు. గొంతును బట్టి తెలిసిపోతుందనుకుంటాను. ‘అందరూ ఉన్నారు’ అన్నాక వస్తే ప్రేమ, ‘ఇప్పుడు’ తరవాత వస్తే కోపం. అయితే మీరు చెప్పినదాంతో ఆ పాట పేరు నాకు ఇంకా దగ్గరైంది. దానికి మిగిలిన ముక్క ‘కోజా... ఆ ఫారె’, అంటే ‘ఏం చెయ్యడానికి’. మనం కూడా విసుగొస్తే ‘ఏం చెయ్యడానికి వచ్చావ్?’ అంటాం కదా, ఆ స్వరమే. ఎదుటి మనిషి కావాలని తక్కువ అవ్వలేదు, అయినా పాడేవాడు ఆ మనిషినే నిలదీస్తున్నాడు. ప్రేమా విసుగూ ఒకే మాటలో ఉండాలి, ‘తక్కువ’లో రెండూ ఉన్నాయని మీరే చూపించారు. అందుకని నా అనువాదం ఇది:

ఏం చెయ్యడానికి తక్కువయ్యావు నాకు?

‘నాకు’ చివర పెట్టింది కావాలనే. ముందుకు తెస్తే ఎలా ఉంటుందో, మీ వైపు ఈ ‘తక్కువ’ని మనుషుల గురించి ఎలా వాడతారో రాయండి. ముఖ్యంగా ఉత్తరాంధ్ర, రాయలసీమ వాళ్లు.