అప్‌డేట్: మా కాలనీ అవార్డులు, కొత్తవాడ దర్రీల పెద్దాయన

హన్మకొండలో మా కాలనీ సంఘం ఏటా కాళోజీ జయంతి రోజు, సెప్టెంబర్ 9న, స్థానిక కళలకు, సైన్స్‌కు అవార్డులు ఇస్తుందని, దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) నేసే పెద్దాయన పేరు ఏ విభాగంలో పెట్టాలని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు కమిటీని మగ్గం దగ్గరికి తీసుకెళ్లండి" అన్న మాట బాగా పనిచేసింది. కొత్తవాడలో ఆయన పోగు వేసి, పంజాతో (దువ్వెన పళ్లలాంటి ఇనుప పనిముట్టు) దబదబ కొట్టి దించుతున్నాడు. డిజైన్ కాగితం మీద లేదు. ఏ రంగు ఎన్ని పోగుల తర్వాత మారాలో అంతా నోటి లెక్కే. మా కమిటీలోని రిటైర్డ్ లెక్కల సార్ అక్కడే కూర్చుండిపోయి, "ఇది కళా, గణితమా అని మనమెందుకు కొట్టుకోవాలి?" అన్నారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, నేసే మనిషికి మాత్రం మన ఊళ్లోనే గుర్తింపు లేకపోవడం నాకు చాలా బాధగా ఉండేది. చివరికి కళల అవార్డు ఆయనకే ఇచ్చాం.

సైన్స్ అవార్డు రామప్ప గుడి పునాది కింద ఇసుక భూకంపం అదురును తగ్గించేలా ఎలా పనిచేస్తుందో ట్రేలో కదిలించి చూపించిన బడి పిల్లలకు వెళ్లింది. వాళ్ల మోడల్ చుట్టూ జనం వదల్లేదు.

వచ్చే ఏడు పెంబర్తి ఇత్తడి పనివాళ్లను కూడా పిలవాలనుకుంటున్నాం. అక్కడ తెలిసినవాళ్లుంటే చెప్పండి, వెళ్లి కలుస్తాం.